గొంతు సినిమా

నిన్నమొన్నటిదాకా వెంకటదుర్గకి ఫోన్ చేస్తే ముందుగా ఆవిడ మాట్లాడేది కాదు. ఎత్తి చెవికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి వినేది. అవతలివాళ్ళు హలో హలో అని అరిచి, "దుర్గగారూ, ఉన్నారా అండీ?" అని విసుక్కున్నాక, అప్పుడు మెల్లిగా అనేది.

"ఉన్నానండి. మాట్లాడేది మీరేనని నాకెలా తెలుస్తుంది? మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నాకేం పెట్టారో చెప్పండి."

"పనసతొనలు పెట్టామండి బాబూ! ఇప్పుడన్నా చెప్పనిస్తారా, మా కోడలికి నొప్పులొస్తున్నాయని?"

"వచ్చేస్తున్నాను," అని అప్పుడు చెప్పులేసుకునేది.

గౌతమి పాయల మధ్య ఓ చిన్న లంక వాళ్ళ ఊరు. దుర్గ అక్కడ ఆశా వర్కరు. ఊళ్ళో ఆడవాళ్ళు దీనికి 'దుర్గ పరీక్ష' అని పేరు పెట్టి నవ్వుకునేవారు. పిల్లలు చెవి దగ్గర చెప్పు పెట్టుకుని ఆవిడలా నటించి చూపించేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఫోన్లో ఏ పనీ తేల్చదు గనక ప్రతిదానికీ ఇంటికే నడిచెళ్ళేది, అందువల్ల ఆ లంకలో ఏ గడపలో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆవిడకి తెలియకుండా ఉండేది కాదు. ఎదురుగా మనిషి కనబడుతుంటే దుర్గకి భయమన్నదే లేదు. యానాం నుంచి సీసాలు తెచ్చుకుని తాగి పెళ్ళాల్ని కొట్టే మొగుళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేది. గడ్డివాములో తాచుపాము కనబడితే ముందు ఈవిణ్ణే పిలిచేవారు. ఆవిడకి భయమల్లా ఒక్కటే. మనిషి లేకుండా వచ్చే గొంతు.

దీనికంతటికీ మూలం ఒక సినిమా.

దుర్గకి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. రేవు దాటితే వచ్చే టౌన్లో రేకుల కప్పు సినిమా హాలు ఒకటుండేది. వానాకాలం మొదలవబోతుండగా ఆ హాల్లోకి తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లీషు బొమ్మ ఒకటొచ్చింది. అప్పటికే అది చాలా పాతది. పోస్టరు మీద ఏదో పొడుగాటి పేరుండేది గానీ ఎవరూ అలా పిలవలేదు. గొంతు సినిమా అనేవారు. అన్నయ్య అబ్బులు చెల్లెల్ని మాట్నీకి తీసుకెళ్ళి నేలలో కూర్చోబెట్టాడు.

కథ ఎక్కడో మంచు దేశంలో జరుగుతుంది. గడ్డకట్టిన చెరువు పక్కన నాలుగిళ్ళు. ఒకనాడు ఆకాశంలోంచి ఏదో వచ్చి ఆ చెరువులో పడుతుంది. అదేంటో ఆఖరిదాకా చూపించడు. దానికి ఒళ్ళు లేదు, మొహం లేదు. అది వింటుంది, అంతే. మొదట కుక్క అరుపు నేర్చుకుంటుంది. తర్వాత కాపలావాడి దగ్గు. ఆ తర్వాత మనుషుల గొంతులు. ఇంట్లో ఉన్నవాళ్ళని, వాళ్ళకి బాగా కావలసినవాళ్ళ గొంతుతో బయటినుంచి పిలుస్తుంది. పలికి తలుపు తీసినవాళ్ళు మంచు మీద నడుచుకుంటూ పోతారు, మళ్ళీ రారు. మర్నాటినుంచి వాళ్ళ గొంతు కూడా చెరువు వైపునుంచి వినబడుతుంది. చివరికి ఒక ఇంట్లో ఒక తల్లి మిగులుతుంది. తలుపవతల కూతురి గొంతు. "అమ్మా, చలేస్తోంది, తలుపు తియ్యి." తల్లి చెయ్యి గడియ మీద పడుతుంది. తెరంతా తెల్లగా అయిపోతుంది. అక్కడితో సినిమా సరి.

హాల్లో లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో అదే గొడవ. ఆవిడ తలుపు తీసిందని కొందరు, తియ్యలేదని కొందరు. అబ్బులుకి ఆ సినిమా ఎంత నచ్చిందంటే మళ్ళీ మళ్ళీ చూశాడు, ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతాడు. దుర్గ మాత్రం అన్న చొక్కా పట్టుకుని, పడవ అంచు మీంచి నీళ్ళ వైపు చూడకుండా కళ్ళు మూసుకు కూర్చుంది.

ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదోలా అయిపోయాయి. హాలువాళ్ళ పబ్లిసిటీ రిక్షాలో మైకు పట్టుకున్నవాడు వీధివీధికీ వచ్చి, గొంతు సాగదీసి ఆడవాళ్ళ పేర్లు పిలిచేవాడు. "సుబ్బాయమ్మా... బయటికి రావే..." అనేసరికి ఏదో ఒక ఇంట్లో ఒక సుబ్బాయమ్మ దడుచుకుని తలుపేసుకునేది. పిల్లలకి జ్వరాలొచ్చాయి. తల్లులు తాయెత్తులు కట్టించారు. పడవ కదులుతోంది రండ్రా అని సరంగు ఎంత అరిచినా జనం పలక్కుండా, మొహం కనబడేదాకా చెట్టు చాటునే నిలబడేవారు. కొన్నాళ్ళకి హాల్లోకి ఇంకో బొమ్మ వచ్చింది. అందరూ మర్చిపోయారు.

దుర్గ కూడా మర్చిపోయేదేమో. కానీ ఆ వానల్లోనే వాళ్ళమ్మ పోయింది. విషజ్వరమన్నారు. పడవ మీద టౌన్ ఆసుపత్రికి తీసుకెళ్తే, తిరుగు పడవలో తీసుకొచ్చేశారు. దినవారాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఓ మధ్యాహ్నం పెరట్లోంచి అమ్మ పిలిచింది. "దుర్గీ, అన్నానికి రావే." ఎప్పుడూ పిలిచినట్టే, 'రావే' దగ్గర కాస్త సాగదీసి. పిల్లకి లేచి పరిగెత్తాలనిపించింది. కాళ్ళు కదిలాయి కూడా. గుమ్మందాకా వెళ్ళి, తలుపు వేసేసి, చెవులు మూసుకుని కూర్చుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఆ పిలుపు వస్తూనే ఉంది. ఒక్కసారీ పలకలేదు. పోయిన తల్లి కోసం ఏడ్వాల్సిన పిల్ల, తల్లి గొంతుకి వణుకుతూ పెరిగింది. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు, అన్నకీ చెప్పలేదు.

పెళ్ళయ్యాక మొగుడు సత్తిబాబుతో మాత్రం "నన్ను వెనకనుంచి పిలవకండి" అని మొదటి వారంలోనే చెప్పింది. సత్తిబాబు కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు, నెమ్మదైన మనిషి. ఎందుకని అడగలేదు. ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. ఒక్కతే కూతురు కీర్తిప్రియ. చిన్నప్పుడు ఆ పిల్ల దాగుడుమూతలాడుతూ ఎక్కణ్ణించో "అమ్మా" అని పిలిస్తే దుర్గ గుండె జారిపోయేది. పిల్ల కనబడేదాకా పలికేది కాదు. కీర్తి కాలేజీకొచ్చాక తల్లి పరీక్షల్ని నవ్వుతూనే భరించింది. రాజమండ్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరి హాస్టల్లో ఉంటూ ఆదివారాలు ఇంటికొచ్చిపోయేది, ఫోన్ చెయ్యగానే తనే ముందు "ఈ ఆదివారం నువ్వు చేపల పులుసు మాడబెట్టావు, నేను కీర్తినే, ఇంక మాట్లాడు" అనేసేది.

అలా సాగిపోతున్న రోజుల్లో ఆ సినిమా నిజమైపోయింది.

పంచాయతీ ఆఫీసులో మీటింగ్ అని పిలిస్తే దుర్గ వెళ్ళింది. టౌన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన ఆన్‌లైన్ మోసాల గురించి చెబుతున్నాడు. "ఇప్పుడు కొత్తగా ఇంకోటొచ్చిందండి. మీ పిల్లలు ఎక్కడో మాట్లాడిన వీడియో ఒకటి దొరికితే చాలు, కంప్యూటరు ఆ గొంతు నేర్చేసుకుంటుంది. అచ్చం మీ అబ్బాయిలాగే, మీ అమ్మాయిలాగే ఏడుస్తూ మాట్లాడుతుంది. యాక్సిడెంటయ్యింది, పోలీసులు పట్టుకున్నారు అంటుంది. నమ్మొద్దు. వెంటనే కట్ చేసెయ్యండి."

వెనక బల్ల మీదున్న చంద్రరావుగారు తల దించుకున్నారు. ఆయన మనవడి గొంతుతో అలాగే ఫోనొచ్చిందనీ, ఆయన మోసపోయారనీ ఊరందరికీ తెలుసు. బయటికొచ్చేటప్పుడు దుర్గ ఆయన పక్కన నడుస్తూ అడిగింది.

"మావయ్యగారూ, అచ్చం మీవాడి గొంతేనా?"

"వాడేనమ్మా. ముక్కుతో ఎగబీల్చుకునే అలవాటు కూడా ఉంది దానికి," అన్నారాయన.

దుర్గకి వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళూ తన భయం పిచ్చిదని తనకీ తెలుసు. నవ్వేవాళ్ళతో కలిసి తనూ నవ్వేది. ఇప్పుడు యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చి, అది ఉందమ్మా, మీ పిల్ల గొంతు నేర్చుకుంటోంది అని చెప్పి వెళ్ళాడు. ఆ రోజే కీర్తికి ఫోన్ చేసి, "నీ వీడియోలన్నీ తీసెయ్యి, ఎక్కడా మాట్లాడకు" అని బతిమాలింది. "నేనేం రాణినా అమ్మా, నా గొంతు ఎవడెత్తుకుపోతాడు?" అని నవ్వింది కీర్తి.

ఆగస్టులో గోదారికి వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక వేశారు. లంకలోకి వచ్చే కాజ్‌వే మునిగిపోయింది. అరటితోటల్లోకి నీళ్ళొచ్చేశాయి. మెరక మీదున్న స్కూలు బిల్డింగులోకి గర్భిణుల్ని, ముసలివాళ్ళని చేర్చి దుర్గ అక్కడే ఉంది. సత్తిబాబు కొబ్బరికాయల లోడుతో జంగారెడ్డిగూడెం వెళ్ళి అటే ఉండిపోయాడు.

పదిన్నరో పదకొండో అయుంటుంది. వాన పట్టి, పగలే మసకగా ఉంది. తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. దుర్గ ఎత్తి, ఎప్పట్లాగే మాట్లాడకుండా విన్నది.

"అమ్మా... నేనమ్మా..." కీర్తి గొంతు. ఏడుస్తోంది. "ఆటో పడిపోయిందమ్మా... చెయ్యి... చెయ్యి కదలట్లేదమ్మా..."

కానిస్టేబుల్ చెప్పింది అక్షరం తప్పకుండా అదే. యాక్సిడెంటు. ఏడుపు. కొత్త నంబరు. అయినా అది కీర్తే. వెక్కిళ్ళ మధ్య 'అమ్మా' అన్నప్పుడు గొంతు విరిగే తీరుతో సహా కీర్తే.

"నువ్వు కీర్తివైతే," అంది దుర్గ, తన గొంతు తనకే వినబడడం లేదు, "మన దూడ పేరేంటో చెప్పు."

"అమ్మా, నొప్పమ్మా... ఇప్పుడేంటమ్మా..."

"దూడ పేరు చెప్పు!"

ఏడుపు. ఏవో హారన్లు. ఇంతలో మగగొంతు ఒకటి అందుకుంది. "అమ్మా, కంగారుపడకండి, పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, మీరు ముందు..."

దుర్గ కట్ చేసేసింది. ఆ గొంతు మళ్ళీ వినాల్సొస్తుందేమోనన్న భయంతో ఫోన్ ఆపేసి, పాత గుడ్డలో చుట్టి, అన్నం గిన్నెల వెనక పెట్టేసింది. తర్వాత గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. బాలింత ఒకావిడ "ఏంటక్కా?" అంటే, "దొంగ ఫోనమ్మా" అంది.

అది దొంగ ఫోనే అయితే కీర్తి క్లాసులో ఉండాలి. ఆ మాట తోచగానే లేచి, ఫోన్ తీసి, ఆన్ చేసి, కీర్తి సొంత నంబరుకి చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. అదే మాట. మూడోసారికి సిగ్నలే లేదు. వరదకి టవరు పోయింది.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఇన్నాళ్ళూ ఆవిడకి భయమంటే, పిల్చేది పిల్ల కాకపోతే ఏమవుతుందోనని. పిల్చింది పిల్లే అయితే ఏమవుతుందన్న ఆలోచన ఇప్పుడు కత్తిలా దిగింది. నొప్పితో ఏడుస్తున్న కూతుర్ని దూడ పేరడిగి ఫోన్ పెట్టేసిన తల్లిని కదా నేను. కాదు, అది యంత్రమే. యంత్రమైతే పిల్ల ఫోన్ ఎందుకు పలకదు? ఏది నిజమైనా ఇక్కడ కూర్చోలేనని మాత్రం తెలిసింది.

రేవులో సరంగు పల్లంరాజు చేతులు కట్టుకుని నీళ్ళని చూస్తున్నాడు. "పడవలు ఆపెయ్యమన్నారు దుర్గమ్మా. చూస్తున్నావు కదా సుళ్ళు," అన్నాడు. పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు దింపడానికి వచ్చిన ప్రభుత్వం ఇంజను పడవ ఒకటి తిరిగి వెళ్ళబోతుంటే, దుర్గ అందులోవాళ్ళని బతిమాలింది. ముందు కుదరదన్నారు. ఆవిడ మొహం చూసి, లైఫ్ జాకెట్ ఒకటి విసిరి ఎక్కమన్నారు.

గోదారి ఎర్రటి మట్టిరంగులో పొర్లిపోతోంది. చెట్లు, గడ్డివాములు, ఎవరిదో గుడిసె కప్పు కొట్టుకొస్తున్నాయి. మునిగిన అరటితోట పక్కనుంచి పోతుంటే ఆకుల మధ్యనుంచి సన్నగా ఒక పిలుపు వినిపించింది. 'అమ్మా' అన్నట్టే ఉంది. దుర్గ చెవులు మూసుకుంది. ఇంజను దగ్గరున్నతను చూసి, "మేకపిల్లండి, గట్టు మీద చిక్కుకుపోయింది. మళ్ళీ ట్రిప్పులో తీస్తాం," అన్నాడు. ఆవిడ తల తిప్పలేదు. మేకే అయ్యుంటుంది. అయినా తల తిప్పలేకపోయింది.

ఒడ్డుకెక్కాక ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. వచ్చీ రాగానే ఆ తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్స్ వచ్చినట్టు మెసేజ్‌లు వరసగా కనబడ్డాయి. దుర్గకి దాన్ని నొక్కడానికి వేలు రాలేదు. సత్తిబాబుకి చేసింది. ఆయన విషయం విని, "దుర్గా, కంగారుపడకు. అది దొంగ ఫోనే అయ్యుంటుంది. ఆ నంబరుకి మాత్రం చెయ్యకు. నువ్వు హాస్టల్‌కి వెళ్ళు, నేనూ బయల్దేరుతున్నా," అన్నాడు.

రావులపాలెంలో బస్సెక్కింది. జొన్నాడ వంతెన మీద బస్సు నెమ్మదిగా పోతుంటే జనమంతా కిటికీల్లోంచి వరదని వీడియోలు తీసుకుంటున్నారు. దుర్గ ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది.

హాస్టల్లో కీర్తి లేదు. పొద్దున్నే ధవళేశ్వరంలో ఎవరో ఫ్రెండ్ దగ్గర నోట్సు తెచ్చుకుంటానని వెళ్ళిందట. రూమ్మేటు సుప్రజ కూడా ఫోన్ చేసి చూసింది, స్విచ్చాఫ్.

ఇంక దారి లేదు. దుర్గ హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఆ నంబరు నొక్కింది.

"మీరా అండీ?" అంది మగగొంతు. కోపంగా ఉంది. "ఏం తల్లండీ మీరు? పిల్ల అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే ఫోన్ కట్ చేస్తారా? నా పేరు శాంతికుమార్. మీ అమ్మాయెక్కిన షేరాటోలోనే ఉన్నాను. బోర్లా పడింది, పిల్ల ఫోన్ పగిలిపోయింది. ఎముక విరిగిందన్నారు. ధవళేశ్వరంలో కాలవగట్టు దాటాక చిన్న ఆసుపత్రి ఉంటుంది, అక్కడికి రండి."

సుప్రజ భయంగా చూస్తోంది. "ఆంటీ, వెళ్ళొద్దేమో. అంకుల్ ఆ నంబరుకి చెయ్యనే వద్దన్నారని చెప్పారు కదా," అంది.

దుర్గకి తెరమీద ఆ మంచు కనబడింది. పిలిస్తే లేచి నడుచుకుంటూ పోయినవాళ్ళు కనబడ్డారు. ఇది రమ్మంటోంది, నేను వెళ్తున్నాను, వాళ్ళూ ఇలాగే అనుకుని ఉంటారు అనిపించింది. అయినా రోడ్డు మీదికొచ్చి, దొరికిన బండి ఎక్కి, "ధవళేశ్వరం" అంది.

ఆసుపత్రి నిజంగానే ఉంది. వరండాలో మోకాలికి కట్టుతో ఓ బక్కపల్చటి మనిషి బెంచీ మీద కూర్చునున్నాడు. ఆయనే శాంతికుమార్, ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. దుర్గని చూడగానే తిడదామని లేచినవాడల్లా, ఆవిడ వాలకం చూసి తిట్టలేదు. "లోపలుందమ్మా," అన్నాడు.

కీర్తి మంచం మీద పడుకునుంది. చేతికి కట్టు, నుదుటి మీద గీరుకుపోయిన గాయం. తల్లి వచ్చిందని తెలుసు. మొహం గోడవైపు తిప్పుకుంది.

"కీర్తీ," అంది దుర్గ.

గోడవైపు చూస్తూనే అడిగింది పిల్ల. "నా గొంతు నీకు తెలీదా అమ్మా?"

"తెలుసమ్మా. అది నీ గొంతే. అందుకే భయమేసింది."

ఆ మాట కీర్తికి అర్థం కాలేదు. నొప్పిమందు మత్తులో కళ్ళు మూసుకుంది. దుర్గ మంచం పక్కన నేలమీద కూర్చుని కూతురి కాళ్ళు పట్టుకుంది. సాయంత్రం సత్తిబాబు వచ్చేదాకా వదల్లేదు.

వరద తీశాక కీర్తిని ఇంటికి తీసుకొచ్చారు. పిల్ల అన్నం తింటోంది, మందులేసుకుంటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. అంతకుమించి మాట లేదు. తల్లి జడ వేస్తుంటే కదలకుండా కూర్చునేది. దుర్గకి ఆ మౌనం ఏ గొంతుకన్నా భయంగా ఉండేది. పిల్ల ఇంక నన్ను అమ్మా అని పిలవదేమో అనుకుంటూ వంటింట్లో పొయ్యి ముందు నిలబడిపోయేది.

ఓ మధ్యాహ్నం కీర్తే కదిలించింది. "ఏంటమ్మా ఆ సినిమా? అబ్బులు మావయ్యని అడిగితే కథంతా చెప్పాడు. చిన్నప్పుడు చూసిన బొమ్మకి ఇన్నేళ్ళు భయపడతారా ఎవరన్నా?"

దుర్గ వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. తర్వాత, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. పెరట్లోంచి వచ్చిన పిలుపు, గుమ్మందాకా వెళ్ళిన కాళ్ళు, వేసేసిన తలుపు. "మా అమ్మే పిలిచిందో, నా చెవులే అలా విన్నాయో నాకు తెలీదే. ఒక్కసారి 'ఆఁ' అని పలికుంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పలికుంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ వణుకొస్తుంది."

కీర్తి తల్లి మొహంలోకి చూసింది, ఆసుపత్రి తర్వాత మొదటిసారి. ఆ మర్నాడు లాప్‌టాప్‌లో ఎక్కడెక్కడో వెతికి ఆ సినిమా పట్టుకుంది. దానిమీద పుస్తకాలున్నాయట. దేశదేశాల్లో ఇప్పటికీ హాళ్ళలో మళ్ళీ మళ్ళీ వేస్తారట. తర్వాత వచ్చిన భయం సినిమాలన్నీ దాన్ని చూసి నేర్చుకున్నవేనట. "నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట," అంది దుర్గ. "చాలామంది ఉన్నారమ్మా. కామెంట్లు చూడు. ఒకావిడ నలభై ఏళ్ళుగా తలుపు చప్పుడైతే ముందు కిటికీలోంచి చూస్తుందట."

తలుపులన్నీ బార్లా తెరిచి, పట్టపగలు, వీధిలో జనం తిరుగుతుండగా ఇద్దరూ చూశారు. మొదట్లో కీర్తి నవ్వింది. చెరువు అట్టముక్కలా ఉందంది. మంచు ఉప్పులా ఉందంది. కుక్క అరుపు చెరువులోంచి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కాపలావాడి దగ్గు వినబడ్డాక మంచి చేత్తో తల్లి కొంగు పట్టుకుంది. దుర్గ ఒళ్ళంతా చెమట. కానీ లేచిపోలేదు. కూతురి వేళ్ళు బిగుసుకుంటుంటే లేవడానికి వీల్లేకపోయింది. తెర తెల్లగా అయిపోయాక కీర్తి అంది.

"తీసిందా అమ్మా తలుపు?"

"తెలీదు. పడవలో అందరూ దానిమీదే కొట్టుకున్నారు."

"బయటున్నది నిజంగా ఆ పిల్లే అయితే? చలిలో నిలబడి ఉంటే?"

ఇన్నేళ్ళలో ఆ తలుపుని దుర్గ ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. అవతలున్నది పిల్ల కావచ్చన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కీర్తి కట్టున్న చెయ్యి పక్కకి పెట్టుకుని, రెండో చేత్తో తల్లిని దగ్గరికి లాక్కుంది.

భయం పోయిందని చెప్పడానికి లేదు. తెలియని నంబరు మోగితే ఇప్పటికీ దుర్గ గుండె దడదడలాడుతుంది. అయితే పరీక్ష మానేసింది. ఎవరు పిలిచినా ఒకటే మాట అడుగుతుంది: "ఎక్కడున్నారు?" చెప్పిన చోటికి వెళ్తుంది, కుదరకపోతే దగ్గర్లో ఉన్న ఎవరినైనా పంపిస్తుంది. ఒకసారి అలాగే ఎవరో ఏడుస్తూ పిలిస్తే వాన్లో ఊరి చివరిదాకా వెళ్ళింది. ఎవరూ లేరు. చీకటిపడకముందే ఇంటికొచ్చేసి, తలుపేసుకుని, సత్తిబాబుని పక్కన కూర్చోమంది. మర్నాడు మళ్ళీ ఫోన్ ఎత్తింది.

కీర్తి కట్టు విప్పించాక ఇద్దరూ శాంతికుమార్ ఇంటికి వెళ్ళారు, అరటిగెల, కొబ్బరికాయలు పట్టుకుని. ఆయన భార్య పులిహోర పెట్టింది. ఆయన ఆ రోజు కోప్పడినందుకు నొచ్చుకున్నాడు. "మీ చోట నేనున్నా కట్ చేసేవాణ్ణేమోనండి. మొన్న మా ఆఫీసులో ఒకాయనకి కొడుకు గొంతుతో వచ్చింది," అన్నాడు. వెళ్ళొస్తామని లేచేసరికి ఎండ కాస్త తగ్గింది. బ్యారేజీ వైపు గోదారి మళ్ళీ ఇసకమేటలతో మామూలుగా ఉంది.

వీధి చివర షేరాటో ఒకటి ఆగింది. "రాజమండ్రి, రాజమండ్రి, రండమ్మా, రెండు సీట్లున్నాయి," అని డ్రైవరు పిలిచాడు. దుర్గ అడుగు ముందుకేసింది. పక్కన కీర్తి లేదు. వెనక్కి చూస్తే, పిల్ల కరెంటు స్తంభం పక్కన ఆగిపోయి, ఆటో చక్రాల వైపే చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి.

"రాలేనమ్మా," అంది. "నవ్వకు. ఎక్కలేను."

దుర్గ నవ్వలేదు. ఏం కాదులే అని కూడా అనలేదు. డ్రైవరుకి చెయ్యూపి వెళ్ళిపొమ్మంది.

"బస్సు ఎక్కడాగుతుంది?" అంది.

"చాలా దూరం నడవాలమ్మా."

"నడుద్దాం పద."

కాలవగట్టు మీద చెట్ల నీడ ఉన్నచోట నీడలోనూ, లేనిచోట ఎండలోనూ ఇద్దరూ నడిచారు. వెనకనుంచి ఆటో వస్తున్న చప్పుడైనప్పుడల్లా కీర్తి తల్లి భుజం పట్టుకునేది. దుర్గ ఆ పక్కకి మారి, పిల్లని రోడ్డుకి ఎడంగా జరిపి, ఆటో వెళ్ళిపోయేదాకా ఆగి, మళ్ళీ నడక మొదలుపెట్టేది.